కదలిక లెక్క: పక్షవాతం నుంచి ఎంత కోలుకుంటారో ముందే అంచనా వేసే సెన్సర్లు

మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోయినా, అక్కడి రక్తనాళం చిట్లినా ఆ భాగం నడిపించే కాలూ చెయ్యీ పట్టు తప్పుతాయి. అదే పక్షవాతం (స్ట్రోక్). పోయిన బలంలో ఎంత తిరిగి వస్తుందన్నది ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకే వయసువాళ్లు ఇద్దరు ఒకే వారంలో ఆసుపత్రిలో చేరితే, మూడు నెలల తర్వాత ఒకరు సొంతంగా బస్సెక్కుతారు, మరొకరికి మంచం దిగడానికీ సాయం కావాలి. ఈ తేడాను మొదటి రోజుల్లోనే పసిగట్టడానికి ఒంటికి కట్టుకునే చిన్న సెన్సర్లు ఎంతవరకు పనికొస్తాయన్నది ఇప్పుడు వైద్య పరిశోధనలో చురుగ్గా నడుస్తున్న విషయం.

సింగపూర్‌కు ఇది అత్యవసరమైన ప్రశ్న. అక్కడ 2011లో ఆరు వేలకు కాస్త పైన ఉన్న స్ట్రోక్ కేసులు 2021కి తొమ్మిదిన్నర వేలు దాటాయి. పౌరుల్లో దాదాపు ఐదోవంతు మంది 65 ఏళ్లు నిండినవాళ్లే. పెద్దాసుపత్రిలో గండం గడిచాక రోగిని కమ్యూనిటీ హాస్పిటల్‌కు పంపుతారు, అక్కడ కొన్ని వారాలు వ్యాయామ చికిత్స చేయించి ఇంటికి పంపుతారు. ఈ దారిలో అడుగడుగునా కుటుంబం తేల్చుకోవలసినవి ఉంటాయి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాలా, చూసుకోవడానికి మనిషిని కుదుర్చుకోవాలా, కొడుకో కూతురో ఉద్యోగం మానుకోవాలా? చికిత్స చేసేవాళ్ల చిక్కు ఇంకొకటి: పడిపోయిన చెయ్యి తిరిగి వచ్చేదైతే దానిమీదే దృష్టి పెట్టాలి, రాకపోయే అవకాశం ఎక్కువైతే ఒంటిచేత్తో బతకడం కూడా నేర్పాలి. ముందుచూపు లేకపోతే ఈ నిర్ణయాలన్నీ ఊహల మీదే నడుస్తాయి.

సెన్సర్లు రాకముందూ అంచనాలు ఉన్నాయి, అవి తక్కువవేమీ కావు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం చాలా సులువైన పరీక్షను ముందుకు తెచ్చింది. స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు రోగి వేళ్లు కాస్తయినా చాచగలిగి, భుజాన్ని పక్కకు ఎత్తగలిగితే, ఆరు నెలలకు ఆ చేత్తో కొంతైనా పని చేసుకోగలిగే అవకాశం 98 శాతం. రెండూ చేతకాకపోతే 25 శాతమే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ పరిశోధకులు ఇదే దారిలో సాగి, భుజం, వేళ్ల బలానికి రోగి వయసును జోడించి, అవసరమైనవాళ్లకు మెదడు నుంచి కండరానికి సంకేతం చేరుతోందో లేదో అయస్కాంత ప్రేరణతో చూసే పద్ధతిని రూపొందించారు. అది నలుగురిలో ముగ్గురి విషయంలో సరిగ్గా చెబుతుంది. చేతి కదలికకు 66కు మార్కులు వేసే ఫుగల్-మేయర్ పరీక్ష 1975 నుంచీ వాడుకలో ఉంది.

వీటన్నిటిలోనూ ఒక వెలితి ఉంది. అవి చూసేది థెరపిస్టు ముందు, అడిగినప్పుడు, శ్రద్ధపెట్టి రోగి ఏం చేయగలడన్నది. మిగతా వేళల్లో, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నాడన్నది వేరే సంగతి. చెయ్యి ఎత్తగలిగినా అలవాటుగా బాగున్న చేత్తోనే పని కానిచ్చేవాళ్లు చాలామంది. వాడక తగ్గేకొద్దీ ఉన్న శక్తి కూడా మరుగున పడుతుంది. అమెరికాలోని సెయింట్ లూయీలో క్యాథరిన్ లాంగ్ బృందం 2007లో ప్రచురించిన కొలతలు దీన్ని కళ్లకు కట్టాయి. ఆరోగ్యవంతుల చేతులు రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కదులుతుంటే, ఆసుపత్రిలో ఉన్న స్ట్రోక్ రోగుల పడిపోయిన చెయ్యి 3.3 గంటలే కదిలింది. బాగున్న చెయ్యి కూడా ఆరు గంటలు దాటలేదు. అంటే మనిషి మొత్తంగానే కదలడం తగ్గించాడన్నమాట. మార్కుల పరీక్షకు అందని నిజం ఇది.

ఈ కొలతలు తీసేది చేతి గడియారమంత పరికరం. అందులో ఉండే యాక్సిలరోమీటర్ వేగంలో మార్పును, జైరోస్కోప్ తిరిగే తీరును సెకనుకు పదులసార్లు నమోదు చేస్తాయి. రెండు మణికట్లకూ ఒక్కొక్కటి కడితే, ఏ చెయ్యి ఎంతసేపు పనిచేసిందో పోల్చవచ్చు. ఆరోగ్యవంతుల్లో ఈ నిష్పత్తి దాదాపు 0.95, అంటే రెండు చేతులూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయి. కుడిచేతివాటం ఉన్నవాళ్ల ఎడమచెయ్యి సోమరిగా ఉంటుందన్న నమ్మకానికి ఇది విరుద్ధం. సింగపూర్‌లో తిండి దుకాణాల సముదాయమైన హాకర్ సెంటర్‌లో అన్నం ట్రే మోయాలన్నా, చొక్కా బొత్తాలు పెట్టుకోవాలన్నా రెండు చేతులూ కావలసిందే. స్ట్రోక్ తర్వాత ఈ నిష్పత్తి ఎక్కడికి పడింది, వారం వారం ఎలా పెరుగుతోంది అన్నది రాబోయే నెలల గురించి చాలా చెబుతుంది.

ఎంతసేపు కదిలిందన్నదే కాదు, ఎలా కదిలిందన్నదీ ముఖ్యమే. ఆరోగ్యవంతుడు గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి ఒకే ఊపులో వెళ్లి ఆగుతుంది. స్ట్రోక్ వచ్చిన చెయ్యి తెగిన ముక్కల్లాంటి చిన్న చిన్న కదలికలతో, ఆగుతూ సాగుతుంది. కోలుకునేకొద్దీ ఆ ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కంటికి ఆనని ఈ మార్పును సెన్సర్ అంకెల్లో పట్టుకుంటుంది.

కాళ్ల విషయంలో నడక వేగమే పెద్ద కొలమానం. సెకనుకు 0.4 మీటర్లలోపు నడిచేవాళ్లు చాలావరకు ఇంటికే పరిమితమవుతారు, 0.8 దాటితే బయట ధైర్యంగా తిరగగలుగుతారు. సింగపూర్ 2009 నుంచి అమలు చేస్తున్న ‘గ్రీన్ మ్యాన్ ప్లస్’ పథకం ఈ తేడాను గుర్తించింది. వృద్ధులు కార్డు తాకిస్తే రోడ్డు దాటే పచ్చదీపం మరి కొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది. నడుముకూ చీలమండలకూ కట్టిన సెన్సర్లు వేగంతోపాటు రెండు కాళ్ల అడుగుల మధ్య తేడానూ, తూలడాన్నీ నమోదు చేస్తాయి. ఆసుపత్రిలో చేరినప్పుడు కొద్ది దూరం నడిపించి తీసిన ఇలాంటి సమాచారాన్ని మామూలు పరీక్షల ఫలితాలకు కలిపితే, డిశ్చార్జి నాటికి నడక ఎలా ఉంటుందన్న అంచనా మెరుగైందని షికాగో పరిశోధకులు 2022లో చూపించారు.

ఈ సమాచారంతో అంచనా వేయడానికి కంప్యూటర్ చేసేదల్లా పాత రోగుల తొలినాటి కదలికలనూ, ఆ తర్వాత వాళ్లు చేరిన స్థితినీ పక్కపక్కన పెట్టి పోలికలు వెతకడం. అందుకు పోల్చి చూసుకోవడానికి ఆరోగ్యవంతుల కదలికల నమూనాలూ కావాలి. ఇక్కడే సింగపూర్ చేసిన పనికి విలువ ఉంది. నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోని పునరావాస పరిశోధన సంస్థ ఆసియావాసుల రోజువారీ కదలికలను నమోదు చేసి, 2020లో పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. పాశ్చాత్యుల కొలతలతో ఆసియా వృద్ధుల్ని తూచడం సరికాదన్న గ్రహింపు అందులో ఉంది. అదే విశ్వవిద్యాలయంలో పుట్టిన హెచ్-మ్యాన్ అనే రోబో, రోగి చేతిని బల్లమీద అటూఇటూ నడిపిస్తుంది. టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రి వైద్యులతో కలిసి 44 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. థెరపిస్టు సమయంలో కొంత భాగాన్ని రోబోకు అప్పగించినా చేతి మెరుగుదల తగ్గలేదని తేలింది. 2017 నుంచి సింగపూర్ ఆసుపత్రుల్లో దూర పునరావాస చికిత్స కూడా మొదలైంది. రోగి ఇంట్లో సెన్సర్లు కట్టుకుని ట్యాబ్లెట్ ముందు వ్యాయామం చేస్తే, ఆ సమాచారం థెరపిస్టుకు చేరుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లే తోడు దొరక్క చికిత్స మధ్యలో మానేసేవాళ్లకు ఇది నిజమైన ఊరట.

పరిమితులు చిన్నవి కావు. మణికట్టు సెన్సర్‌కు అన్నం కలిపే చెయ్యీ, నడుస్తుంటే ఊరికే ఊగే చెయ్యీ ఒకలాగే కనిపించవచ్చు. బజారులో దొరికే అడుగుల పట్టీలు నెమ్మదిగా, ఈడ్చుకుంటూ నడిచేవాళ్ల అడుగులను చాలావరకు లెక్కించవు. అధ్యయనాలు ఎక్కువగా కొద్దిమంది మీద జరిగినవే కాబట్టి, ఒక ఆసుపత్రిలో కుదిరిన లెక్క మరోచోట తప్పవచ్చు. మాట పడిపోవడం, దిగులు, ఇంట్లో సాయం చేసేవాళ్లు ఉండటం లేకపోవడం వంటివి కోలుకోవడాన్ని ఎంతగానో మారుస్తాయి, అవేవీ పట్టీకి తెలియవు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అంచనాను తీర్పుగా తీసుకోవడం. ‘ఈ చెయ్యి రాదు’ అన్న అంకె చూసి వ్యాయామం తగ్గించేస్తే ఆ అంకె తనంతట తానే నిజమైపోతుంది. 25 శాతం అవకాశం అంటే నలుగురిలో ఒకరికి వస్తుందనే కదా.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, ‘ఎంతవరకు వస్తుంది’ అని డాక్టర్ని అడగడంతో ఆగకండి. ఇంటికి వచ్చాక పడిపోయిన చెయ్యి రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తోందో, అది ఎలా పెంచాలో థెరపిస్టుని అడిగి తెలుసుకోండి. సెన్సర్ ఉంటే దాంతో, లేకపోతే గోడమీది గడియారంతోనైనా లెక్క పెట్టి రాసి ఉంచండి.