ఒక్క సిగారులో ఎన్ని సిగరెట్లు?

విదేశం నుంచి శంషాబాద్‌లో దిగే ప్రయాణికుడు సుంకం కట్టకుండా ఎంత పొగాకు తెచ్చుకోవచ్చో బ్యాగేజీ నిబంధనలు చెబుతాయి: 100 సిగరెట్లు, లేదా 25 సిగార్లు, లేదా 125 గ్రాముల పొగాకు. ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల వైపు ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్లకు చేతితో చుట్టిన ఖరీదైన సిగారు మొదటిసారి అందేది చాలావరకు ఈ దారిలోనే. డాలస్ నుంచో దుబాయ్ నుంచో సెలవుకొచ్చిన బావమరిది పెట్టె విప్పి, ‘ఒకటి కాల్చి చూడు బావా’ అంటాడు.

చూసే ముందు ఆ నిబంధనను ఒకసారి భాగహారం చేయండి. 125 గ్రాములను 25తో భాగిస్తే సిగారుకు 5 గ్రాములు. వందతో భాగిస్తే సిగరెట్టుకు గ్రాముంబావు. అంటే కస్టమ్స్ దృష్టిలో ఒక సిగారు నాలుగు సిగరెట్లు. సుంకానికి ఈ లెక్క చాలు. ఒంటికి చాలదు.

అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ చెప్పే ప్రకారం పెద్ద సిగారులో 5 నుంచి 20 గ్రాముల దాకా పొగాకు ఉంటుంది. సిగరెట్టులో ఉండేది గ్రాములోపే, బీడీలో పావు గ్రాము. బాగా అమ్ముడుపోయే రోబస్టో సైజునే తీసుకోండి. పొడవు 5 అంగుళాలు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల్లో చెప్పే మందం కాబట్టి 50 అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. మామూలు సిగరెట్టు మందం 8 మిల్లీమీటర్లు, ఫిల్టరు తీసేస్తే పొగాకు ఉండే పొడవు 60 మిల్లీమీటర్ల చిల్లర. రెండింటి ఘనపరిమాణం కట్టి చూస్తే రోబస్టోలో పదమూడు సిగరెట్ల చోటు ఉంది. ఇంకాస్త పొడవూ మందమూ ఉన్నదైతే ఒక్కటే ఒక పెట్టె సిగరెట్లకు సమానం.

అసలు తేడా బరువులో కన్నా పొగ స్వభావంలో ఉంది. ‘సిగారు పొగ గుండెల్లోకి లాగం, నోట్లో తిప్పి వదిలేస్తాం, ఏమీ కాదు’ అనే మాట ప్రతి పెట్టెతో పాటూ వస్తుంది. సిగరెట్టు పొగకు ఆమ్ల గుణం ఎక్కువ. అందులోని నికోటిన్ నోటి పొర గుండా పెద్దగా ఇంకదు, ఊపిరితిత్తుల్లోకి లాగితేనే రక్తంలో కలుస్తుంది. సిగారు ఆకును గాలికి ఆరబెట్టి, గుట్టలుగా పోసి నెలల తరబడి మగ్గబెడతారు. దాంతో పొగ క్షారం వైపు మొగ్గుతుంది, సిగారు కాలేకొద్దీ పీహెచ్ 8 దాటిపోతుంది. ఆ స్థితిలో నికోటిన్‌కు ఊపిరితిత్తులతో పని లేదు. బుగ్గల లోపలి నుంచే రక్తంలోకి దిగుతుంది. ఒక సిగరెట్టు తాగితే ఒంటికి చేరే నికోటిన్ 1 నుంచి 2 మిల్లీగ్రాములు. పెద్ద సిగారు ఆకులో ఉండేది 100 నుంచి 200 మిల్లీగ్రాములు. అదంతా ఒంట్లోకి పోదు, నిజమే. కానీ గంటసేపు నోట్లో పెట్టుకున్నప్పుడు అందులో చిన్న వంతు చేరినా, అలవాటు లేనివాడికి చెమటలు పట్టి, తల తిరిగి, వాంతి కావడానికి సరిపోతుంది.

ఇదంతా క్యూబా నుంచి దిగిన కొత్త సంగతి కాదు. మన చుట్ట చెప్పేదీ ఇదే. గోదావరి వరద తగ్గాక లంకల్లో మిగిలే ఒండ్రు మీద పండిన ఆకుతో చుట్టిన చుట్టలకు బ్రిటిష్ వాళ్ల కాలంలోనే సముద్రాల అవతల పేరుంది. 1886లో లండన్‌లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు గోదావరి లంకల ఘాటు చుట్టను ప్రత్యేకంగా పేర్కొంది. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ తాను 140 రకాల పొగాకు బూడిదల మీద రాసిన పుస్తకం గురించి చెబుతూ, ఉదాహరణకు ఎత్తుకున్నది ఈ లంక చుట్టనే. కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడికి చుట్ట మహిమ బోధించే ఘట్టం తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో సిగరెట్ల కోసం వర్జీనియా పొగాకు విస్తరించింది. దాన్ని బ్యారన్లనే గదుల్లో వేడి పెట్టి ఆరబెడతారు కాబట్టి దాని పొగ తీరు వేరు. వంశం ప్రకారం చూస్తే హవానా సిగారుకు దగ్గరి బంధువు మన సిగరెట్టు కాదు, తాతల నాటి చుట్ట.

ఆ బంధువు చేసిన హానికి మన దగ్గర లెక్కలున్నాయి. నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాలుగా ఉన్న అలవాటు. అక్కడ 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిన పరిశోధన ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చాయి. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. అంగిలి మీద మచ్చలు, పుండ్లు, క్యాన్సరు ఈ అలవాటు వెంటే కనిపించాయి. ఆ పల్లెల అమ్మలూ అమ్మమ్మలూ నోళ్లు తెరిచి చూపించడం వల్లే నోటి క్యాన్సరు గురించి ప్రపంచానికి ఎంతో తెలిసింది. సిగారును అడ్డపొగలా కాల్చరు, వేడి అంగిలికి అంత తగలదు. అయినా పొగాకు పొగ గుండెల్లోకి లాగకపోయినా నోటిని వదలదన్న పాఠం అదే.

మరి ‘ప్రీమియం’ అన్న మాటలో ఏముంది? అమెరికా కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన నిర్వచనం ఒకటుంది. పైన చుట్టే ఆకు, లోపలి ఆకును పట్టి ఉంచే ఆకు పూర్తిగా పొగాకే అయి ఉండాలి. లోపల నింపే దాంట్లో కనీసం సగం పొడవాటి ఆకు ఉండాలి, తరుగు కాదు. చేత్తో చుట్టాలి. ఫిల్టరు, పరిమళాలు ఉండకూడదు. వెయ్యి సిగార్లు 6 పౌండ్ల కన్నా ఎక్కువ తూగాలి, అంటే ఒక్కోటి 2.7 గ్రాములు దాటాలి. ఇందులో పనితనం ఉంది. నాణ్యమైన ఆకూ ఉంది. దాన్ని తక్కువ చేయను. నాలుగైదు రకాల ఆకులను ఈనెలు తీసి, గాలి ఆడేలా, కాలుతూ వంకర పోకుండా చుట్టడం ఏళ్ల సాధన. కానీ నిర్వచనంలోని ఏ అంశమూ నికోటిన్‌ను గానీ తారును గానీ తగ్గించదు. ధర పెరిగితే రుచి మారుతుంది, మోతాదు మారదు. పన్ను కూడా ఈ తేడా చూడదు: 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సిగార్లు, సిగరెట్లు రెండింటినీ 40 శాతం శ్లాబులోకి చేర్చాలని తీర్మానించింది.

మన వాతావరణమూ సిగారుకు అంతగా పడదు. దాన్ని దాదాపు 70 శాతం తేమలో, 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచాలంటారు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడ తేమ 40 శాతం కిందికి పడిపోతుంది, ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. బీరువాలో దాచిన సిగారు వారాల్లో ఎండి పెళుసవుతుంది. ఎండిన ఆకు వేగంగా, వేడిగా కాలి నోరు మండిస్తుంది. వానాకాలంలో బూజు, పురుగు పడతాయి. బావమరిది సంక్రాంతికి తెచ్చినది వేసవిలో తీస్తే, చేతిలో ఉన్నది అతను కొన్న సరుకు కాదు.

ఎన్ని చెప్పినా ఒకసారి కాల్చి చూస్తానని తేల్చుకున్న పెద్దవాళ్లకు కొన్ని అంకెలు. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు. రింగ్ గేజ్ 40కి అటూ ఇటూ ఉన్న చిన్నదే తీసుకోండి, మందం తగ్గితే పొగాకు తగ్గుతుంది. నోట్లో పెట్టుకునే కొస మీదుండే టోపీ దగ్గర రెండు మిల్లీమీటర్లకు మించి కోయొద్దు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు, అంతకన్నా వేగం పెరిగితే పొగ వేడెక్కి ఘాటెక్కుతుంది. గుండెల్లోకి లాగొద్దు. చివరి మూడో వంతులో ఘాటు బాగా పెరుగుతుంది, సగంలోనే వదిలేస్తే పోయేదేమీ లేదు. తల తిరిగినట్టనిపిస్తే ఆపేసి గాలి ఆడేచోట కూర్చుని నీళ్లు తాగండి. మందుతో కలిపి మాత్రం వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇదివరకు సిగరెట్టు మానేసినవాళ్లు అసలు ముట్టొద్దు. మానేసినవాళ్లకు నోటి గుండా చేరే కొద్ది నికోటినే పాత అలవాటును లేపుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం, బడికి 100 గజాల లోపు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిషేధం 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది, జరిమానా 200 రూపాయల దాకా. సిగారుకు ఇందులో మినహాయింపు లేదు.

ప్రమాదం ఎంత అన్న ప్రశ్నకు నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. 2022లో అమెరికా నేషనల్ అకాడమీలు ప్రీమియం సిగార్ల మీద ఇచ్చిన నివేదిక ప్రకారం హాని ఎంతన్నది ఎంత తరచుగా తాగుతారు, ఎంత లోపలికి లాగుతారు అన్న దాన్నిబట్టి ఉంటుంది. ఏడాదికొకటి తాగేవాడూ రోజుకు రెండు తాగేవాడూ ఒకటి కాదు. అలాగని రోజూ తాగేవాళ్ల లెక్క చిన్నది కాదు. నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1998లో వెలువరించిన గ్రంథం ప్రకారం రోజుకు ఒకటి రెండు సిగార్లు తాగితే చాలు, నోటి, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే రెట్టింపు. స్వరపేటిక క్యాన్సరు ముప్పు ఆరు రెట్లు.

2016-17 జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుంటే తెలంగాణలో ఆ సంఖ్య 17.8 శాతం. దాన్ని ఇంకా దించుకోవాల్సిన చోట, ఖరీదైన సరుకు పేరుతో కొత్తగా ఒక్కరు చేరడం కూడా నాకు ఇష్టం లేదు. బావమరిది పెట్టె చాపితే, వద్దని చెప్పడమే నా సలహా. ఇప్పటికే అలవాటైపోయి మానాలనుకునేవాళ్లకు జాతీయ పొగాకు విముక్తి సహాయ కేంద్రం ఉంది. ఫోను ఉచితం: 1800-11-2356.