కన్నమును దాచుట రక్షణ యగునా?

1851వ సంవత్సరమున లండను నగరమందు మహాప్రదర్శనము జరుగుచుండగా ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా దేశపు తాళముల పనివాడు అచ్చటికి వచ్చెను. చబ్ అను ప్రసిద్ధ సంస్థవారి తాళమును ఆయన 25 నిమిషములలో తెఱచెను. బ్రామా సంస్థవారు తమ తాళమును చెవి లేకుండ తెఱచినవారికి 200 గినీల బహుమానమని దాదాపు అరువది యేండ్లుగా తమ అంగడి కిటికీలో ప్రకటించి యుండిరి. హాబ్స్ పదునాఱు దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానినిగూడ తెఱచెను. పురజనులు కలవరపడిరి. తాళములలోని లోపముల నిట్లు బహిరంగపఱచుట దొంగలకు విద్య గఱపుట కాదా యని కొందఱాక్షేపించిరి. దొంగలకు ఆ రహస్యములు ముందే తెలియును, తెలియనిది యజమానులకే యని మఱికొందఱు బదులు చెప్పిరి.

ఈ వివాదము ముగిసినదని తలంచువారు పొరబడుచున్నారు. తాళము మాఱినది గాని ప్రశ్న మాఱలేదు. నేడు మన ధనము బ్యాంకులలోని కంప్యూటర్లయందున్నది. మన పొలముల హక్కులు ఆంధ్రప్రదేశమున 2015లో నెలకొన్న ‘మీ భూమి’ యందును, తెలంగాణమున 2020లో ‘ధరణి’గా మొదలై 2025లో ‘భూభారతి’గా మాఱిన వ్యవస్థయందును నమోదై యున్నవి. పూర్వము కరణముగారి పెట్టెలోని అడంగలునకు ఒక తాళము, ఒక కావలివాడు చాలియుండెను. ఇప్పటి పెట్టెకు ప్రపంచమంతయు వీధియే. ఆ వీధిని పోవువారిలో దొంగలు గలరు, పరరాజ్యముల గూఢచారులు గలరు, లోపమును చూచి యజమానికి చెప్పు సజ్జనులును గలరు. ఈ మువ్వురు నేర్చిన విద్య యొక్కటియే. కంప్యూటరు భద్రతా పరిశోధన మనగా గోడలో కన్నము ఎచ్చట పడగలదో వెదకు విద్య. కనిపెట్టిన కన్నమును పూడ్చవచ్చును. దానిగుండ లోనికి దూఱవచ్చును. పౌరరక్షణకు పనికివచ్చు జ్ఞానమే యుద్ధసాధనము గూడ అగుచున్నది. ఇట్టి కన్నమును రాజ్యమే కనిపెట్టినచో దాని ధర్మమేమి? ఇదియే మా ప్రశ్న.

దీనికి 2017వ సంవత్సరమున లోకమునకు ఒక కఠినమైన పాఠము దొరకినది. మైక్రోసాఫ్టు సంస్థవారి విండోసు వ్యవస్థలో ఒక కంప్యూటరు మఱియొకదానితో దస్తరములను పంచుకొను పాత పద్ధతి యొకటి గలదు. అందులో ఒక లోపముండెను. కుటిలముగా కూర్చిన సందేశమును పంపినచో ఎదుటి యంత్రము పంపినవాని యాజ్ఞకు లోబడును. యజమాని ఏ తప్పును చేయనక్కఱలేదు, ఏ ఉత్తరమును విప్పనక్కఱలేదు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఈ లోపమును కనిపెట్టి, దానిగుండ చొరబడు సాధనమును నిర్మించి, మైక్రోసాఫ్టువారికి చెప్పక ఐదేండ్లకు పైగా వాడుకొన్నదని ఆ సంస్థ పూర్వోద్యోగుల మాటగా వాషింగ్టన్ పోస్టు పత్రిక ప్రకటించినది. ఆ సాధనమునకు ‘ఎటర్నల్ బ్లూ’ అని పేరు. శత్రువుల యింటికి మాఱుతాళపు చెవి దొరకినదని వారు సంతసించి యుందురు. కాని ఆ తాళమే అమెరికా పౌరుల యిండ్లకును, ఆసుపత్రులకును, మిత్రరాజ్యముల కార్యాలయములకును వేసియున్నది. శత్రువున కొక తాళము, ప్రజలకొక తాళము ఈ కాలమున లేవు.

ఆ మాఱుచెవి దొంగల పాలైనది. 2016 ఆగస్టులో ‘షాడో బ్రోకర్స్’ అను అజ్ఞాత బృందము తమయొద్ద ఆ సంస్థ సాధనములున్నవని ప్రకటించినది. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టువారు లోపమును పూడ్చు సవరణను విడుదల చేసిరి. ఏప్రిల్ 14వ తేదీన ఆ బృందమువారు సాధనమును ఎల్లరకు బహిరంగపఱచిరి. మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను ఉపద్రవము పుట్టినది. అది యంత్రమునుండి యంత్రమునకు తానే ప్రాకుచు, లోనున్న దస్తరములకు గూఢలిపి తాళము వేసి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లించిన గాని తెఱువనని బెదరించెను. కొలది దినములలో దాదాపు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దానికి చిక్కినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని పాలైనవి.

ఇంగ్లండు దేశపు ఆసుపత్రులలో జరిగినది తలంచినచో మనసు కలగును. అచ్చటి జాతీయ లెక్కల తనిఖీ కార్యాలయము 2017 అక్టోబరులో ప్రకటించిన నివేదికను బట్టి 236 ఆసుపత్రి సంస్థలలో కనీసము 81 కలతపడినవి. రోగులు వైద్యుని చూడవలసిన 19,000కు పైగా ఏర్పాటులు రద్దయినవని అందలి అంచనా. ఐదు ప్రాంతములలో అత్యవసర రోగులను దూరపు ఆసుపత్రులకు తరలింపవలసి వచ్చెను. సవరణను సకాలమున అమర్చుకొనమి ఆ సంస్థల తప్పే. దానిని మేము దాచము, నివేదికయు దాచలేదు. అయినను ఐదేండ్లు తెలిసి చెప్పనివాని బాధ్యత రెండు మాసములు అలసత్వము వహించినవాని బాధ్యతకన్న తక్కువదని ఎట్లు చెప్పగలము?

ఈ యుపద్రవమును మొదట అరికట్టినవాడు ఏ సైన్యాధిపతియు కాడు. మార్కస్ హచిన్స్ అను 22 ఏండ్ల ఆంగ్లేయ పరిశోధకుడు. వన్నాక్రై యెక్క క్రొత్త యంత్రమున చేరినను ముందుగా ఒకానొక ఇంటర్నెట్టు చిరునామాను పలుకరించునని, ఆ చిరునామా యెవరి పేరను నమోదు కాలేదని ఆయన కనుగొని, పదిడాలర్ల చిల్లర ఖర్చుతో దానిని తన పేర నమోదు చేసికొనెను. చిరునామానుండి బదులు వచ్చినంతనే వన్నాక్రై వ్యాప్తి నిలిచిపోయెను. ఆ హచిన్స్‌నే అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా అధికారులు నిర్బంధించిరి. చిన్నతనమున బ్యాంకు ఖాతాల రహస్యములను దొంగిలించు సాధనమును వ్రాసినాడని అభియోగము. ఆయన 2019లో నేరము నొప్పుకొనెను. న్యాయాధిపతి ఆయన చేసిన మేలునుగూడ గణించి, అప్పటికి గడపిన నిర్బంధమే చాలునని తీర్పు చెప్పెను. ఒకే చేయి, ఒకే విద్య. ఒకప్పుడు కన్నము వేసినది, మఱియొకప్పుడు పూడ్చినది. ఈ విద్యకు సహజముగా దోషమును లేదు, గుణమును లేదు. దానిని నడపు నీతియే ముఖ్యము.

ప్రమాదము వన్నాక్రైతో ముగియలేదు. అదే సంవత్సరము జూన్ 27వ తేదీన ఉక్రేనియా దేశమున పుట్టిన ‘నాట్‌పెట్యా’ అను మఱియొక ఉపద్రవము అదే సాధనమును గూడ వాడుకొని లోకమంతట వ్యాపించినది. మేర్స్క్ అను నౌకా సంస్థకు 25 నుండి 30 కోట్ల డాలర్ల నష్టము కలిగెను. బొంబాయి యెదుట జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థవారు నడపు రేవుఘట్టమునగూడ సరకుల పని స్తంభించెను.

రాజ్యమునకు గూఢచర్యము వలదా, శత్రువులు చేతులు ముడుచుకొని కూర్చుందురా యని ప్రశ్నించువారు గలరు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. ఒక యాయుధమును తాను విడిచినంత మాత్రమున పరులు విడువరు. 2021 సెప్టెంబరు 1వ తేదీనుండి చీనా దేశమున అమలులోనికి వచ్చిన నిబంధనలనుబట్టి, సాఫ్టువేరు తయారుచేయు సంస్థలు తమకు తెలిసిన లోపములను 48 గంటలలో ప్రభుత్వమునకు నివేదింపవలెను. లోపము లెల్ల రాజ్యము చేతికి ముందుగా చేరు ఏర్పాటది. ఇట్టి పొరుగువాడుండగా మనము అమాయకులమై యుండరాదు. కాని ఫిరంగి వేఱు, కన్నము వేఱు. ఫిరంగిని ఆయుధశాలలో దాచినచో పౌరుని గోడకు బీట పడదు. కన్నమును దాచుట యనగా పౌరుని గోడను పగిలియుండగానే విడిచిపెట్టుట. దాచినవాడు తానొక్కడే దానిని కనిపెట్టగలవాడని నమ్ముట గర్వము. దాచినది దొంగిలింపబడదని నమ్ముట అవివేకము.

కావున రాజ్యముల కొక నియమము కావలెను. అది ప్రజలకు తెలిసియుండవలెను. అమెరికా ప్రభుత్వము 2017 నవంబరులో ఇట్టి లోపములలో దేనిని చెప్పవలెనో, దేనిని దాచవచ్చునో నిర్ణయించు పద్ధతిని బహిరంగముగా ప్రకటించినది. ఆసుపత్రులు మూలబడిన తరువాత వచ్చిన వివేకమైనను అది మెచ్చదగినదే.

మన దేశపు మాట విచారింతము. పౌర వ్యవహారములకు ‘సెర్ట్-ఇన్’ అను సంస్థ 2004 నుండి పనిచేయుచున్నది. విద్యుత్తు, బ్యాంకులు మొదలగు కీలక వ్యవస్థల రక్షణకు 2014లో ఏర్పడిన కేంద్రము సాంకేతిక గూఢచర్య సంస్థయగు ఎన్.టి.ఆర్.ఓ.కు లోబడియున్నది. కన్నములు వెదకి వాడుకొను ఇంటిలోనే కన్నములు పూడ్చు పనియు నుండుట ఎంతవఱకు తగునో శాసనసభ్యులు ఆలోచింపవలెను. మన సమాచార సాంకేతిక చట్టమున, సదుద్దేశముతో పరీక్షించి లోపమును తెలియజెప్పువానికి స్పష్టమైన రక్షణ వాక్యము లేదు. యజమాని అనుమతి లేకుండ చూచినందుకు నష్టపరిహారము కోరవచ్చును. దురుద్దేశమును ఆరోపించినచో మూడేండ్ల చెఱ. బెల్జియము 2023 ఫిబ్రవరినుండి కొన్ని షరతులతో ఇట్టి పరిశోధకులకు చట్టరక్షణ నిచ్చినది. మనకేల రాకూడదు?

2022 నవంబరులో ఢిల్లీలోని అఖిల భారత వైద్యశాలపై జరిగిన దాడి పాఠకులకు జ్ఞాపకముండును. ఐదు సర్వర్లు మూతపడి, దాదాపు రెండు వారములు వైద్యులు కాగితములపై పని నడిపిరి. దానికి మార్గము వేఱు. కాని ఆ రోగుల స్థితి ఇంగ్లండు రోగుల స్థితియే.

మేము కోరునవి మూడు. రాజ్యము కనిపెట్టిన లోపమును సాధారణముగా తయారీదారునకు చెప్పవలెను. దాచవలసివచ్చినచో గడువు నిర్ణయించి, ఆసుపత్రుల పక్షమున, పౌరుల పక్షమున మాటాడువాని నా నిర్ణయసభలో కూర్చుండబెట్టవలెను. పూడ్చువారిని గూఢచారులనుండి వేఱుపఱపవలెను. నిజాయితీగా చెప్పినవానిని దొంగతో సమానముగా చూడరాదు. మన గాదెకు కన్నము పడినదని అర్ధరాత్రి తలుపు తట్టి చెప్పినవానిని స్తంభమునకు కట్టివేసినచో, మఱునాడు మన తలుపు తట్టువా డుండడు. అప్పుడు కన్నమును చూచువాడు దొంగ యొక్కడే.