కొల్లేరు చేపల నాణ్యత పరీక్షలో సెన్సర్లు: ఎంపిక, పరిమితులు

కొల్లేరు పరిసర మండలాలైన కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాల చెరువులలో పెరిగే శీలావతి, బొచ్చె చేపలు మంచుతో నింపిన పెట్టెలలో లారీలపై పశ్చిమ బెంగాల్, అస్సాం మార్కెట్లకు చేరుతాయి. ప్రయాణం రోజుల తరబడి సాగుతుంది. 2018 జూలైలో ఫార్మాలిన్ అవశేషాలు కనిపించాయన్న కారణంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల చేపల రాకను కొన్ని రోజులు నిలిపివేసింది. ఒక్క పరీక్షా ఫలితం వేలాది రైతుల జీవనోపాధిని ప్రభావితం చేయగలదని ఆ సంఘటన స్పష్టం చేసింది. కనుక పరీక్షా సాధనం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకొని ఉండాలి.

మూడు వేర్వేరు ప్రశ్నలు

చేప చెడిపోయిందా? దానిలో నిషిద్ధ రసాయనం కలిసిందా? రోగకారక సూక్ష్మజీవులు ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలకు ఒకే సెన్సరు సమాధానం ఇవ్వలేదు. సూడోమోనాస్, ఏరోమోనాస్, షెవనెల్లా వంటి బ్యాక్టీరియా చేపను కుళ్ళబెట్టి దుర్వాసన కలిగిస్తాయి. సాల్మొనెల్లా ఉన్న చేప మాత్రం వాసనకు, రంగుకు పూర్తిగా తాజాగానే ఉండవచ్చు.

చెడిపోవడాన్ని గుర్తించే సెన్సర్లు

చేప కుళ్ళినప్పుడు అమ్మోనియా, అమైన్లు వెలువడి పరిసరం క్షారగుణం పొందుతుంది. క్షారానికి రంగు మారే వర్ణకాన్ని కాగితంపై పూసి ప్యాకింగ్ లోపల అమర్చడమే రంగు సూచికల సూత్రం. శంఖుపుష్పం, ఊదా క్యాబేజీలలోని ఆంథోసయనిన్లు ఇందుకు ఉపకరిస్తాయి.

అయితే ఈ ప్రాంతానికి సంబంధించి ఒక ముఖ్య భేదం ఉంది. సముద్రపు చేపల కండరంలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అధికంగా ఉంటుంది. బ్యాక్టీరియా దానిని ట్రైమిథైలమైన్‌గా మార్చడం వలననే పరిచితమైన నీచువాసన వస్తుంది. మంచినీటి చేపలలో ఈ పదార్థం అత్యల్పం. అందువలన సముద్రపు చేపల కొరకు ట్రైమిథైలమైన్ ఆధారంగా సరిచూసిన సెన్సరు, శీలావతి చెడిపోయిన తరువాత కూడా 'తాజా' అని చూపవచ్చు. ప్రతి జాతికి విడిగా ప్రమాణీకరణ అవసరం.

ఈ లోపానికి ఒక ప్రత్యామ్నాయం హైపోజాంథీన్ బయోసెన్సరు. చేప చనిపోయిన తరువాత కండరంలోని ఏటీపీ దశలవారీగా విచ్ఛిన్నమై ఇనోసిన్, హైపోజాంథీన్‌గా మారుతుంది. ఈ మార్పు ఆధారంగా జపాన్ శాస్త్రవేత్తలు 1959లో 'కె-విలువ' అనే తాజాదన సూచికను ప్రతిపాదించారు. జాంథీన్ ఆక్సిడేజ్ ఎంజైమును ఎలక్ట్రోడుపై స్థిరపరిస్తే, హైపోజాంథీన్‌తో జరిగే చర్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడి, దాని పరిమాణానికి అనుగుణంగా విద్యుత్ ప్రవాహం నమోదవుతుంది. అయితే వేడిమికి ఎంజైము చురుకుదనం తగ్గడం దీని బలహీనత.

వాయువులను పసిగట్టే సెన్సర్ల సముదాయమైన ఎలక్ట్రానిక్ ముక్కు మరొక మార్గం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు వంటి చోట్ల నిల్వలలో కుళ్ళు తొలిదశను కనిపెట్టడానికి కూడా ఇదే సూత్రాన్ని వినియోగించవచ్చు. కానీ గాలిలోని తేమ సంకేతాన్ని తారుమారు చేస్తుంది. మంచుపెట్టెలో ఆ సమస్య మరింత ఎక్కువ.

ఫార్మాలిన్ పరీక్ష

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మాల్డిహైడ్‌కు, అమ్మోనియాకు వేర్వేరు పరీక్షా పట్టీలను రూపొందించింది. పట్టీని చేపపై రుద్ది కారక ద్రవం చుక్క వేస్తే కొద్ది నిమిషాలలో రంగు ద్వారా ఫలితం తెలుస్తుంది. ఫార్మాల్డిహైడ్ బ్యాక్టీరియాను అణచడమే కాక అమ్మోనియాతో చర్య జరిపి దానిని బంధిస్తుంది. కనుక ఫార్మాలిన్ పూసిన పాత చేప అమ్మోనియా పరీక్షలో మంచిదిగా కనిపించే అవకాశం ఉంది. రెండు పరీక్షలను కలిపి చేయడం అందుకే అవసరం.

రోగకారక సూక్ష్మజీవుల సెన్సర్లు

వీటిలో ప్రతిరక్షకం, డీఎన్ఏ పోగు లేదా బ్యాక్టీరియోఫేజ్ లక్ష్య సూక్ష్మజీవిని పట్టుకుంటుంది. ఆ బంధాన్ని విద్యుత్, కాంతి లేదా స్ఫటిక కంపనాల మార్పుగా పరికరం చదువుతుంది. చదవడం నిమిషాల పనే అయినా నమూనా తయారీ అంత సులభం కాదు. 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా ఒక్కటి కూడా ఉండరాదన్నది నియమం. ఆ నమూనాను 225 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపినప్పుడు, సెన్సరుకు అందించే ఒక మిల్లీలీటరులోకి ఆ ఒక్క కణం వచ్చే అవకాశం చాలా తక్కువ. అందుచేత 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 18 గంటలు పెంచి సంఖ్య వృద్ధి చేసిన తరువాతనే పరీక్షించాలి. 'పది నిమిషాలలో ఫలితం' అనే ప్రకటనలలో ఈ సమయం లెక్కకు రాదు.

ఉష్ణోగ్రత నమోదు

చెడిపోయిన తరువాత గుర్తించడం కంటే చెడిపోయే పరిస్థితిని ముందే గుర్తించడం మేలు. మంచులో నిల్వ చేసే చేపలపై రూపొందిన ప్రసిద్ధ సూత్రం ప్రకారం, 0 డిగ్రీలతో పోలిస్తే 5 డిగ్రీల వద్ద సుమారు 2.25 రెట్లు, 10 డిగ్రీల వద్ద 4 రెట్లు వేగంగా చేప చెడిపోతుంది. దారిలో మంచు కరిగి ఒక రోజు 10 డిగ్రీల వద్ద గడిస్తే, మంచులో నిలవగల నాలుగు రోజుల ఆయుష్షు కరిగిపోయినట్లే. ప్రస్తుత పరిస్థితిలో కొల్లేరు ప్రాంత ప్యాకింగ్ కేంద్రాలకు ముందుగా ఉపయోగపడేది ప్రతి లారీలోనూ పై, మధ్య, అడుగు పెట్టెలలో అమర్చే ఉష్ణోగ్రత నమోదు పరికరమే.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

• ఏ పట్టీనైనా రైతులకు ప్రదర్శించే ముందు తాజా చేప, మంచులో నిల్వ ఉన్న చేప, మంచు లేకుండా ఉంచిన చేప – ఈ మూడింటిపై పరీక్షించి రంగుల తేడాను నిర్ధారించుకోవాలి.

• పట్టీల గడువు తేదీని, నిల్వ ఉష్ణోగ్రతను సరిచూడాలి.

• పట్టీ ఫలితాన్ని ప్రాథమిక సూచనగానే భావించి, అనుమానం కలిగిన నమూనాను ప్రయోగశాలకు పంపాలి.

• చేప కడిగే నీటిని, మంచు తయారీకి వాడే నీటిని సూక్ష్మజీవుల కొరకు క్రమం తప్పక పరీక్షింపజేయాలి.

లారీ బయలుదేరే ముందు చేసిన పరీక్షల వివరాలు, దారిలోని ఉష్ణోగ్రతల పట్టిక సరుకుతో పాటు గమ్యం చేరితే, దూరపు మార్కెట్టులో అనుమానం తలెత్తిన రోజున రైతు పక్షాన నిలిచే సాక్ష్యం అదే అవుతుంది.