మొటిమకు మందు చౌకే.. ముప్పంతా మరో ట్యూబులో!

ఆదోని: కళాశాలలు వదిలే వేళ మండల కేంద్రాల్లోని కొన్ని మందుల దుకాణాల వద్ద తరచూ కనిపించే దృశ్యమిది. చున్నీతో సగం ముఖం కప్పుకొన్న ఓ విద్యార్థిని వస్తుంది. పెద్దవాళ్లెవరైనా నిలబడి ఉంటే వారు వెళ్లేదాకా పక్కకు తప్పుకొంటుంది. ఆ తర్వాత సంచిలోంచి నలిగిన ఖాళీ ట్యూబు తీసి ‘అన్నా, ఇట్లాంటిదే ఇంకొకటి’ అంటుంది. దుకాణదారు వైద్యుడి చీటీ అడగడు. ఆమె దగ్గర అది ఉండదు కూడా. వంద నోటిస్తే చిల్లర తిరిగొస్తుంది. మగపిల్లలదీ ఇదే తంతు. కాకపోతే వారికి చున్నీ ఉండదు, చేతిరుమాలు ఉంటుంది.

ఆ ట్యూబులో ఏముందో కొనేవారికి తెలియదు. స్నేహితురాలు వాడిందని ఒకరు, అక్క పెళ్లికి ముందు రాసుకుందని మరొకరు వాడుతుంటారు. అట్టపెట్టెపై చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివితే విషయం బోధపడుతుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్.. ఇవన్నీ స్టెరాయిడ్లు. కొన్నింటిలో వీటికి తోడు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. అది మంగు మచ్చలకు వైద్యుడు లెక్కపెట్టి కొన్ని వారాలకు మాత్రమే రాసే మిశ్రమం. తామరకని అమ్మే మరికొన్ని క్రీముల్లో స్టెరాయిడ్‌తో పాటు యాంటీబయోటిక్, శిలీంద్ర నాశని కూడా ఉంటాయి. వీటిలో ఏదీ మొటిమల కోసం తయారైంది కాదు.

మూడు రోజుల మెరుపు

ఇంత జరుగుతున్నా జనం వీటిని ఎందుకు వదలరంటే, మొదట అవి పనిచేసినట్టే కనిపిస్తాయి. స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని సన్నని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఎరుపు తగ్గుతుంది, వాపు దిగుతుంది, ముఖం తేటపడినట్టు అనిపిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో అద్దం చూసుకుని మురిసిపోని వారుండరు. ఇరుగుపొరుగు కూడా ‘ముఖానికేం పూస్తున్నావ్?’ అని అడుగుతారు. ట్యూబు పేరు ఆ విధంగానే వీధి వీధికీ పాకుతుంది.

అసలు సంగతి కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. చర్మం పలుచబడి బుగ్గలపై ఎర్రని సన్నని నరాలు గీతల్లా తేలుతాయి. ఎండలోకి వెళితే మంట పుడుతుంది. ఆడపిల్లల ముఖంపై నూగు వెంట్రుకలు పెరుగుతాయి. ఏ మొటిమల కోసం రాశారో అవే చిన్న చిన్న గుత్తులుగా, ఒకే తీరున మళ్లీ పొడుచుకొస్తాయి. భయపడి మానేస్తే మరునాటి నుంచి ముఖం ఎర్రబడి భగ్గుమంటుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. ఇక ఆ ట్యూబు లేనిదే గడవని స్థితి వస్తుంది. స్టెరాయిడ్ క్రీములతో ఇలా చెడిన ముఖాలకు మన దేశ చర్మ వైద్యులే 2008లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి వైద్య పత్రికల్లో రాశారంటే సమస్య ఎంతగా ముదిరిందో ఊహించవచ్చు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018లో 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. పెట్టెపై ‘ఆర్ఎక్స్’ అన్న గుర్తు, చీటీపైనే అమ్మాలన్న హెచ్చరిక అచ్చయి ఉంటాయి. చట్టం ఉంది కానీ కౌంటరు దాకా రాలేదు. పట్టణంలోనే ఇలా ఉంటే, సంత రోజున పల్లెలో చేతిసంచితో తిరిగి అమ్మే వారిని అడిగే నాథుడెవరు?

‘వేడి చేసింది’ అనే ముందు..

మొటిమ మొలిచిందంటే మన ఇళ్లలో మొదటి మాట ‘ఒంట్లో వేడి’. మామిడిపండు మాన్పిస్తారు, కోడికూర మాన్పిస్తారు, మజ్జిగ తాగిస్తారు. మజ్జిగ వల్ల నష్టం లేదు గానీ మొటిమకు మూలం వేరు. యుక్తవయసులో శరీరంలో పెరిగే హార్మోన్లు చర్మం కింది నూనె గ్రంథులను ఉద్రేకపరుస్తాయి. వెంట్రుక మొలిచే రంధ్రం దగ్గర మృతకణాలు పేరుకుని దారి మూసుకుపోతుంది. నూనె లోపలే నిలిచిపోతుంది. సహజంగా చర్మంపై ఉండే ఒక రకం బ్యాక్టీరియా అక్కడ వృద్ధి చెంది వాపు, చీము తెప్పిస్తుంది. ముక్కుపై కనిపించే నల్ల చుక్కలు కూడా మురికి కావు. మూసుకుపోయిన రంధ్రంలోని పదార్థం గాలి తగిలి నల్లబడినవే. కాబట్టి సబ్బుతో ఎంత తోమినా అవి పోవు సరికదా, చర్మం గీరుకుపోయి మరింత రేగుతుంది.

తిండికి బొత్తిగా సంబంధం లేదని కూడా చెప్పలేం. తీపి, మైదా పదార్థాలు ఎక్కువైతే కొందరిలో మొటిమలు పెరుగుతాయని అధ్యయనాలు సూచించాయి. వ్యాయామశాలల్లో పాలలో కలుపుకొని తాగే వే ప్రొటీన్ పొడితోనూ కొందరికి ఇదే అనుభవం. లావు కావడానికని పొట్లాల్లో కట్టి అమ్మే పేరులేని మాత్రల సంగతి మరీ దారుణం. వాటిలో స్టెరాయిడ్ కలిపితే ఛాతీ, వీపు నిండా మొటిమలు లేస్తాయి. క్షయ మందుల్లోని ఐసోనియాజిడ్ వల్ల కూడా మొటిమల్లాంటి పొక్కులు రావచ్చు. అంతమాత్రాన క్షయ మందులు ఆపరాదు, వైద్యుడికి చెప్పాలి.

తలకు పెట్టిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారడం మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని కారణం. మొటిమలు నుదుటి పైభాగాన, జుట్టు మొదలయ్యే చోటనే గుంపుగా ఉంటే ముందు అనుమానించాల్సింది నూనెనే. రాత్రి నూనె రాసి, అదే దిండుపై ముఖం ఆనించి పడుకుంటే బుగ్గలకూ అంటుతుంది. తలస్నానానికి గంట ముందు రాసుకుని కడిగేస్తే సరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

నెలకు రెండు మూడు వందలలోపే

మొటిమలు ఓ మోస్తరుగా ఉంటే పొద్దున, రాత్రి చేసుకునే నాలుగు పనులు చాలు. గాఢమైన సువాసన లేని సబ్బు లేదా ఫేస్‌వాష్‌తో రోజుకు రెండుసార్లు ముఖం కడగాలి. పొలం నుంచో ఆట నుంచో చెమటతో వస్తే ఇంకోసారి. అంతకు మించి కడిగితే చర్మం ఎండిపోతుంది. బట్టల సబ్బు ముఖానికి తగలనీయరాదు. వేళ్లతోనే కడగాలి. పీచు, గరుకు గుడ్డ, సున్నిపిండి రుద్దుడు వద్దు.

ప్రధానమైన మందు బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్. ఇది 2.5, 5, 10 శాతాల్లో తయారవుతుంది. ఎక్కువ శాతమైతే ఎక్కువ గుణమని పెద్దది అడిగేవారున్నారు. నిజానికి 2.5 శాతానిదీ దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. బ్యాక్టీరియాను చంపడమే కాదు, దీనికి ఆ సూక్ష్మజీవి అలవాటు పడి మొండికేయడమంటూ ఉండదు. తెలియని విషయం మరొకటి.. ఇది రంగును తినేస్తుంది. కొత్త చుడీదారు మెడ దగ్గర, దిండు గలేబుపై తెల్ల మచ్చలు పడ్డాయంటే కారణం ఈ జెల్లే. పాత తువ్వాలు వాడుకోవడం మేలు. చర్మం సున్నితమైన వారు మొదటి వారం పది నిమిషాలు ఉంచి కడిగేసి, అలవాటయ్యాక ఉంచుకోవచ్చు.

రాత్రి పూతకు అడాపలీన్ 0.1 శాతం జెల్ వైద్యులు రాస్తారు. మూసుకుపోయిన రంధ్రాలను తెరిచేది ఇదే. మన దేశంలో దీనికి చీటీ కావాలి. ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. మొటిమపై మాత్రమే చుక్క పెట్టడం కాదు, కళ్లు, పెదవులు, ముక్కు మూలలు వదిలి మొటిమలు వచ్చే భాగమంతా పలుచగా పూయాలి. మొదట రోజు మార్చి రోజు రాయాలి. రెండు మూడు వారాలు పొట్టు రాలడం, కాస్త మంట, ఒక్కోసారి మొటిమలు ఎక్కువైనట్టు అనిపించడం సహజం. అక్కడే చాలామంది వదిలేసి పాత ట్యూబు పట్టుకుంటారు. గర్భిణులు, గర్భం దాల్చాలనుకునే వారు అడాపలీన్ వాడరాదు.

బఠాణీ గింజంత అంటే సుమారు పావు గ్రాము. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబు రెండు నెలలు వస్తుంది. సబ్బు, రెండు జెల్‌లు కలిపి బ్రాండును బట్టి నెలకు రెండు మూడు వందల రూపాయలకు మించదు. జనౌషధి కేంద్రంలో అవే మందులు దొరికితే ఇంకా తగ్గుతుంది. ఇవి చర్మాన్ని పొడిబారుస్తాయి గనుక జిడ్డులేని మాయిశ్చరైజర్ పలుచగా రాసుకోవాలి. జిడ్డు ముఖానికి అదెందుకని మానేయరాదు. పగలు సన్‌స్క్రీన్ రాస్తే మంచిది. దాని ధర భారమనిపిస్తే గొడుగు, టోపీ, కొంగు ఉన్నాయి. కర్నూలు జిల్లా ఎండలో ఏదో ఒకటి తప్పదు. ఎండ తగిలిన కొద్దీ మొటిమ మానిన చోట నలుపు ముదురుతుంది.

ఫలితం ఎప్పుడు? ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. పెళ్లి వచ్చే వారమైతే ఏ నిజాయతీ గల మందూ ఆదుకోదు. మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చలు చామనఛాయ చర్మంపై నెలల తరబడి ఉండి వాటంతటవే పలచబడతాయి. వాటిని చూసే చాలామంది మందు పనిచేయలేదనుకుంటారు. గిల్లకుండా ఉంటే మచ్చలు సగానికి సగం తప్పుతాయి. గుంటలు పడితే మాత్రం ఏ క్రీమూ పూడ్చదు.

వంటింటి వైద్యం

పసుపు, ముల్తానీ మట్టి పూతలతో నయమైందనే వారున్నారు. వారానికోసారి పూసి వెంటనే కడిగేస్తే పెద్ద హాని లేదు, పెద్ద మేలూ ఆశించరాదు. నిమ్మరసం అలా కాదు. అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు కమిలి గోధుమ రంగు చారలు పడతాయి. టూత్‌పేస్ట్, వంటసోడా చర్మాన్ని మండిస్తాయి. రూపాయి ఖర్చు లేదు కదా అని మొదలుపెట్టి, ఆ కమిలిన మచ్చలకు వందలు పోసిన వారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ఎప్పుడు వెళ్లాలి

నొప్పితో కూడిన గడ్డలు, గుంటలు పడటం, మూడు నెలల పూతకూ లొంగకపోవడం.. వీటికి చర్మ వైద్యుడే దిక్కు. నెలసరి తప్పుతూ, గడ్డంపై వెంట్రుకలు వస్తూ ఉంటే అండాశయ సమస్యను పరీక్షించుకోవాలి. క్లిండమైసిన్ వంటి యాంటీబయోటిక్ జెల్‌ను ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి లొంగడం మానేస్తుంది. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి గానీ గర్భస్థ శిశువుకు తీవ్ర లోపాలు కలిగిస్తాయి. స్త్రీలు ఆ మాత్రలు వాడుతున్నంత కాలం, ఆపాక మరో నెల గర్భం రాకుండా చూసుకోవాలి. స్నేహితురాలి చీటీ చూపించి కొనే మందు కాదిది.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ విభాగాన్ని సుఖవ్యాధులతో కలిపి నడపడం ఆనవాయితీ. ఆ బోర్డు చూసి ఆడపిల్లలు, వారి తల్లులు గుమ్మం దగ్గరే వెనుదిరగడం కద్దు. అక్కడ బారులు తీరిన వారిలో చాలామంది తామర, గజ్జి, మొటిమల కోసం వచ్చినవారే. సంకోచించాల్సిన పనిలేదు.

ఇప్పటికే స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి వాడుతున్న వారు ఈ వార్త చదివి ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోరాదు. ముఖం రేగినప్పుడు భరించలేక మళ్లీ అదే పూస్తారు. ఎలా తగ్గించాలో, మంటకు ఏం వాడాలో వైద్యుడు చెబుతాడు. వెళ్లేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబులు, ఖాళీవైనా సరే, పెట్టెలతో సహా సంచిలో వేసుకుని వెళ్లాలి. పేరు గుర్తులేదని చెబితే సగం సమయం దాన్ని కనుక్కోవడానికే పోతుంది.