ఐదు చుక్కల వెనుక ముప్పై ఏళ్లు

బుధవారం. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో టీకాల రోజు. అంగన్‌వాడీ అరుగు మీద తల్లులు వరసగా కూర్చుంటారు. ఏఎన్‌ఎం ఐస్ బాక్సు మూత తీస్తుంది. నెలన్నర బిడ్డకు సూది పడగానే కేరుమంటాడు. నోట్లో చుక్కలు వేస్తే మాత్రం చప్పరించి ఊరుకుంటాడు. 2016లో పోలియో చుక్కలకు మరో ఐదు చుక్కలు తోడయ్యాయి. అవి రోటా వైరస్ టీకా. దాన్ని ముందుగా అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశాలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఆ ఐదు చుక్కలు అరుగు దాకా రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఏ ఒక్క సంస్థా వాటిని ఒంటరిగా తెచ్చి ఉండేది కాదు.

జబ్బు పడని బిడ్డలు

రోటా వైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. ఇది సోకితే వాంతులు, ఆగని నీళ్ల విరేచనాలు. ఒంట్లో నీరంతా పోయి బిడ్డ గంటల్లో వాడిపోతుంది. శుభ్రమైన నీళ్లు, చేతులు కడుక్కోవడం మంచివే కానీ ఈ వైరస్‌ను పూర్తిగా ఆపలేవు. ధనిక దేశాల పిల్లలనూ అది వదల్లేదు.

1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందానికి ఒక వింత కనిపించింది. అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో వైరస్ తిరుగుతోంది, కానీ బిడ్డలకు ఏ జబ్బూ లేదు. పైగా అలా సోకినవాళ్లకు తర్వాతి రోజుల్లో రోటా విరేచనాలు తక్కువగా వచ్చాయి. జబ్బు చేసిన బిడ్డను ఎవరైనా చూస్తారు. జబ్బు పడని బిడ్డను చూసి ‘ఎందుకు?’ అనుకోవడం పరిశోధకుడి గుణం. ఆ వైరస్‌కు 116ఇ అని పేరు పెట్టారు. దాని పదకొండు జన్యువుల్లో ఒకటి పశువుల వైరస్‌ది, మిగతావి మనిషి వైరస్‌వి. మనిషి చెయ్యి పడకుండానే అది మెత్తబడింది.

అదే కాలంలో బెంగళూరు ఐఐఎస్‌సీలో సి. దుర్గారావు బృందం అక్కడి పసికందుల్లో ఐ321 అనే మరో రకాన్ని పట్టుకుంది. తర్వాత రెండింటినీ పరీక్షించి, రోగనిరోధక శక్తిని బాగా పెంచిన 116ఇని ఎంచుకున్నారు.

లెక్క తేల్చినవాళ్లు

వైరస్ దొరికినంత మాత్రాన టీకా కాదు. 1987లో మొదలైన భారత్-అమెరికా టీకాల కార్యక్రమం దారి వేసింది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నుంచి రోజర్ గ్లాస్, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నుంచి హ్యారీ గ్రీన్‌బర్గ్ కలిశారు. తయారీ బాధ్యతను హైదరాబాద్ భారత్ బయోటెక్ తీసుకుంది, డోసు ఒక్క డాలరుకే ఇస్తామంది.

ఇంకో ప్రశ్న మిగిలింది. మన దేశంలో విరేచనాలకు కారణాలు బోలెడు, వాటిలో రోటా వాటా ఎంత? ఇది తేలకుండా ఏ ప్రభుత్వం డబ్బు పెడుతుంది? 2005లో ఐసీఎంఆర్, వెల్లూరు సీఎంసీ, సీడీసీ కలిసి ఆసుపత్రుల్లో నిఘా మొదలుపెట్టాయి. విరేచనాలతో చేరిన చిన్నపిల్లల్లో సుమారు 40 శాతం మందికి రోటాయే కారణమని తేలింది. ఏటా 78 వేల మందికి పైగా పసిపిల్లలు దీనికి బలయ్యేవారని తర్వాతి అంచనా.

విశ్వవిద్యాలయానికి పరిశోధన పత్రం ముఖ్యం. ప్రజారోగ్య శాఖకు వచ్చే బుధవారం ముఖ్యం. ఒకరికి ‘ఎందుకు’ కావాలి, మరొకరికి ‘ఎంతమందికి’. ఈ రెండు ప్రశ్నలూ ఒకే బల్ల మీదకు వచ్చినప్పుడే పని కదిలింది.

గడప గడపకూ పరీక్ష

2011లో అసలు పరీక్ష మొదలైంది. ఢిల్లీ, పుణె ప్రాంతం, వెల్లూరులలో 6,799 మంది శిశువులు. కార్యకర్తలు వారం వారం ఇళ్లకు వెళ్లి బిడ్డ ఎలా ఉందో అడిగారు. తీవ్రమైన రోటా విరేచనాలను మొదటి ఏడాదిలో టీకా 56 శాతం తగ్గించిందని 2013లో ప్రకటించారు. వినడానికి ఇది సగం విజయమే. కానీ వేలమంది చనిపోయే చోట సగం తగ్గడమంటే ఎన్ని ఊయలలు ఖాళీ కాకుండా ఉంటాయో ఊహించుకోవచ్చు.

టీకా వచ్చాక కాపలా

భాగస్వామ్యాలు చాలావరకు రిబ్బను కత్తిరించిన రోజుతో ముగిసిపోతాయి. ఇక్కడ అలా ఆగిపోతే ప్రమాదం. 1998లో అమెరికాలో వచ్చిన రోటాషీల్డ్ అనే టీకా, కొందరు పిల్లల్లో పేగులోకి పేగు చొచ్చుకుపోవడానికి కారణమవుతోందని తేలడంతో మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లింది. దాన్ని పట్టిచ్చింది కూడా నిఘాయే. అందుకే మన దగ్గర టీకా బయటికి వచ్చాక వివిధ రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులను వెతికి లెక్కకట్టారు. ముప్పు పెరిగినట్టు కనిపించలేదని 2020లో ఫలితాలు వెలువడ్డాయి. ఈలోగా 2018లో డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం వచ్చింది, 2019 నాటికి టీకా కార్యక్రమం దేశమంతటా విస్తరించింది.

రిజిస్టర్లలో నిద్రపోతున్న ప్రశ్నలు

ఇలాంటి కలయిక ఇంకా చాలా జబ్బులకు కావాలి. మన వైద్య కళాశాలలన్నిటిలో సామాజిక వైద్య విభాగం ఉంది. ప్రతి పీహెచ్‌సీలో రిజిస్టర్లు ఉన్నాయి. విభాగానికి ప్రశ్న కావాలి, రిజిస్టర్‌కు చదివేవాళ్లు కావాలి. ఉదాహరణకు, శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అక్కడ డయాలసిస్ బెడ్లు అవసరమే. జబ్బు పడినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ, అదే ఊళ్లో అదే నీళ్లు తాగి జబ్బు పడనివాళ్లను కూడా చూసే కళ్లు అంతకంటే అవసరం.

ఎయిమ్స్ వార్డులో ఒకప్పుడు అలాంటి కళ్లే పడ్డాయి. అందుకే బుధవారం అరుగు మీద బిడ్డ ఇప్పుడు చుక్కలు చప్పరిస్తున్నాడు.