కవర్ పేజీలో అదుర్స్.. చేతికొచ్చాక తుస్! రాబోయే గేమ్‌ల కథనాలపై గేమర్లకు ఎందుకింత కోపం?

కవర్ పేజీ నిండా కొత్త గేమ్ హీరో. లోపల పేజీలకు పేజీలు కళ్లు చెదిరే ఫొటోలు. ఇలాంటి గేమ్ ఇప్పటిదాకా రాలేదన్న రేంజ్‌లో పొగడ్తలు. అది చదివి, ముందే డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూస్తే చివరికి డేట్ వాయిదా పడుతుంది. లేదంటే చూపించింది ఒకటి, వచ్చింది మరొకటి. గేమింగ్ మ్యాగజైన్లు, వాటి వెబ్‌సైట్లపై గేమర్లు ఏళ్ల తరబడి చేస్తున్న ప్రధాన కంప్లయింట్ ఇదే. కొత్త పీఎస్5 గేమ్ కొనాలంటే దాదాపు 5 వేల రూపాయలు పెట్టాల్సిన రోజులివి. కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. మరి ఈ కథనాలు ఎలా తయారవుతాయి? తేడా ఎక్కడ కొడుతోంది?

ప్రివ్యూ వేరు.. రివ్యూ వేరు

గేమ్ మార్కెట్లోకి వచ్చే ముందు రాసేది ప్రివ్యూ. పూర్తయిన గేమ్ ఆడి రాసేది రివ్యూ. ప్రివ్యూ రాసేవాళ్లకు కంపెనీ సాధారణంగా గేమ్ మొత్తం ఇవ్వదు. బాగా రెడీ చేసిన ఒక చిన్న భాగాన్ని అరగంటో, గంటో చూపిస్తుంది. కొన్నిసార్లు ఆడనివ్వదు కూడా. పక్కన కంపెనీ మనిషి ఆడుతుంటే చూసి రాసుకోవడమే. ఫొటోలు కూడా చాలావరకు కంపెనీ పంపినవే.

టీజర్ చూసి సినిమా మొత్తానికి రివ్యూ రాయలేం కదా? ఇదీ అంతే. కానీ పది పేజీల కవర్ స్టోరీ చదివిన వాళ్లకు అది దాదాపు రివ్యూలాగే అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

దీనికి తోడు 'ఎక్స్‌క్లూజివ్' పోటీ ఒకటి. పెద్ద గేమ్‌ను అందరికంటే ముందు చూపించే ఛాన్స్ ఏ మ్యాగజైన్‌కు ఇవ్వాలో డిసైడ్ చేసేది కంపెనీయే. గట్టిగా విమర్శిస్తే తర్వాతి ఛాన్స్ పోతుందేమో అన్న భయం ఉండనే ఉంటుంది. యాడ్స్ ఇచ్చేది కూడా చాలాసార్లు ఆ కంపెనీలే.

మూడేళ్లు ఊరించిన కన్సోల్

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1993 ఆగస్టులో నింటెండో 'ప్రాజెక్ట్ రియాలిటీ' పేరుతో కొత్త కన్సోల్ ప్రకటించింది. 1995లో ఇళ్లకు వస్తుందన్నారు. మధ్యలో పేరు 'అల్ట్రా 64'గా మారింది. చివరికి 'నింటెండో 64'గా 1996 జూన్‌లో జపాన్‌లో, సెప్టెంబర్‌లో అమెరికాలో అమ్మకాలు మొదలయ్యాయి. అంటే చేతికి రాని కన్సోల్ గురించి పాఠకులు దాదాపు మూడేళ్లు చదువుతూ కూర్చున్నారు.

అప్పట్లో ఇంటర్నెట్ ఇంతగా లేదు. నెలకోసారి వచ్చే మ్యాగజైనే దిక్కు. అది ప్రింటింగ్‌కు వెళ్లేది కొన్ని వారాల ముందే. ఈలోపు ప్లాన్ మారితే, పాఠకుడి చేతికి వచ్చేసరికే వార్త పాతబడిపోయేది.

సీక్వెల్స్ కథ ఇంకో రకం

2005 మేలో ఈ3 షో సమయంలో సోనీ 'కిల్‌జోన్' కొత్త భాగం ట్రైలర్ చూపించింది. గ్రాఫిక్స్ చూసి అందరూ షాక్. పీఎస్3లో గేమ్ నిజంగా ఇలా ఉంటుందా అని రచ్చ మొదలైంది. అది కన్సోల్‌పై నడుస్తున్న గేమ్ కాదని, ముందుగానే తయారుచేసిన యానిమేషన్ అని తర్వాత తేలింది. అసలు గేమ్ 'కిల్‌జోన్ 2' వచ్చింది 2009 ఫిబ్రవరిలో. గేమ్‌కు మంచి పేరే వచ్చింది. కానీ ఆ ట్రైలర్ మీద చర్చ మాత్రం ఆగలేదు.

'హాఫ్ లైఫ్ 2' విషయంలో కంపెనీ 2003 సెప్టెంబర్ 30 అని డేట్ ఇచ్చింది. మ్యాగజైన్లు అదే వేశాయి. గేమ్ రిలీజైంది 2004 నవంబర్ 16న. ఇక 1997లో ప్రకటించిన 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' 2011 జూన్‌లో గానీ రాలేదు. ఇలాంటి చోట తప్పంతా రాసినవాళ్లదే అనడానికి లేదు. కంపెనీ చెప్పిన డేట్ వేశారు, అది తప్పింది. కాకపోతే డేట్ ఖాయం అన్నట్టు రాయడమే గేమర్లకు మంట పుట్టిస్తుంది.

సైబర్‌పంక్ నేర్పిన పాఠం

అందరికీ గుర్తుండిపోయిన కేసు మాత్రం 'సైబర్‌పంక్ 2077'. 2012లో ప్రకటించి, 2020 డిసెంబర్ 10న రిలీజ్ చేశారు. అప్పటికే 80 లక్షలకు పైగా ప్రీ ఆర్డర్లు పడ్డాయి. రిలీజ్‌కు ముందు రివ్యూలు రాసేవాళ్లకు ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. సొంతంగా రికార్డు చేసిన వీడియోలు వాడుకోవడానికి కూడా మొదట్లో ఒప్పుకోలేదు. మంచి స్కోర్లు వచ్చాయి. తీరా పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లో ఆడినవాళ్లకు బగ్స్, క్రాష్‌లే కనిపించాయి. కంపెనీ సారీ చెప్పి, రీఫండ్ ఇస్తామంది. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి గేమ్‌ను తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లోనే.

ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు. పీసీలో చూసింది పీసీ గురించి రాశారు. కానీ డబ్బు పోయింది కన్సోల్ వెర్షన్ కొన్నవాళ్లది.

యజమాని ఎవరు?

1991లో మొదలైన అమెరికా మ్యాగజైన్ 'గేమ్ ఇన్‌ఫార్మర్' చాలా ఏళ్లు గేమ్‌లు అమ్మే 'గేమ్‌స్టాప్' చేతిలో ఉంది. 2024 ఆగస్టులో ఆ సంస్థ దాన్ని ఒక్కసారిగా మూసేసింది. 2025 మార్చిలో 'గన్‌జిల్లా గేమ్స్' చేతికి వెళ్లి మళ్లీ మొదలైంది. ఇదేమో గేమ్‌లు తయారుచేసే కంపెనీ. ఎడిటర్లకు పూర్తి స్వేచ్ఛ ఉంటుందని చెప్పారు. అయినా గేమ్ అమ్మేవాళ్లు, తయారుచేసేవాళ్లే మ్యాగజైన్ నడిపితే పాఠకుడికి డౌట్ రావడం సహజమే.

మన దగ్గర మరో తలనొప్పి

విదేశీ మ్యాగజైన్లలో ఉండే డేట్లు, రేట్లు మనకు వర్తించకపోవచ్చు. పీఎస్5నే తీసుకోండి. అమెరికాలో 2020 నవంబర్ 12న వచ్చింది. ఇండియాలో మాత్రం 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయల ధరతో వచ్చింది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉన్న గేమర్ రెండున్నర నెలలకు పైగా ఆగాల్సి వచ్చింది. 'జీటీఏ 6' కూడా అంతే. మొదట 2025 అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబర్‌లో దాన్ని కూడా 2026 నవంబర్ 19కి మార్చారు.

ప్రివ్యూ చదివేటప్పుడు ఇవి చూడండి

- రాసినవాళ్లు స్వయంగా ఆడారా, కంపెనీ వాళ్లు ఆడుతుంటే చూశారా?
- ఎంతసేపు ఆడారు? ఏ మెషీన్ మీద ఆడారు? అది మీ దగ్గరున్నదేనా?
- ఫొటోలు, వీడియోలు ఎవరివి? కంపెనీ ఇచ్చినవా, సొంతంగా తీసినవా?
- డేట్ కంపెనీ అధికారికంగా చెప్పిందా, లీక్‌ల మీద అంచనానా?
- ఇండియా రేటు, ఇండియా డేట్ ఎక్కడైనా ఉన్నాయా?

వీటికి జవాబు చెప్పే కథనాలు కూడా ఉన్నాయి. ఎంతసేపు ఆడామో, ఎక్కడ ఆడామో మొదట్లోనే రాసేవాళ్లను నమ్మొచ్చు. వాటికి జవాబు దొరకని కథనాన్ని టీజర్‌లా చూసి ఎంజాయ్ చేయండి, తప్పులేదు. ప్రీ ఆర్డర్ బటన్ నొక్కడానికి మాత్రం మీ దగ్గరున్న కన్సోల్‌పై ఆడి రాసిన రివ్యూ వచ్చేదాకా ఆగండి. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కు స్టాక్ అయిపోవడం అంటూ ఉండదు. రెండు రోజులు లేటైతే పోయేదేమీ లేదు, తొందరపడితే పోయేది 5 వేలు.