కీటకాల రూపవిక్రియలో ప్రొటీన్ గ్లైకోసైలేషన్ పాత్ర

వరి కుదుళ్ల మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ గుడ్డు నుంచి వెలువడిన తరువాత ఐదు శాబక దశలు దాటి ప్రౌఢ కీటకంగా మారుతుంది. వేరుశనగ, మిరప పైర్లను ఆశించే పొగాకు లద్దెపురుగు మట్టిలో కోశస్థ దశ గడిపి రెక్కల పురుగుగా బయటికి వస్తుంది. ఈ మార్పులను 20-హైడ్రాక్సీఎక్డైసోన్, జువెనైల్ హార్మోన్లు నియంత్రిస్తాయన్నది తెలిసిన విషయమే. అయితే హార్మోన్ల ఆదేశాన్ని కణాలలో అమలుపరచేవి ప్రొటీన్లు. వాటిలో అనేకం సక్రమంగా పనిచేయాలంటే వాటికి చక్కెర అణువులు జతపడాలి. ఈ ప్రక్రియనే గ్లైకోసైలేషన్ అంటారు. ఇది దెబ్బతిన్నప్పుడు హార్మోన్లు ఉన్నప్పటికీ కీటకం తదుపరి దశకు చేరలేకపోవచ్చు.

ప్రక్రియ జరిగే విధానం

గ్లైకోసైలేషన్‌లో ఎన్-గ్లైకోసైలేషన్, ఓ-గ్లైకోసైలేషన్ అనే రెండు ప్రధాన రకాలున్నాయి. మొదటి దానిలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి, రెండవ దానిలో సెరీన్ లేదా థ్రియోనిన్‌కు చక్కెరలు కలుస్తాయి.

ఎన్-గ్లైకోసైలేషన్‌లో 14 చక్కెర అణువుల గొలుసు ముందుగానే తయారై ఉంటుంది. ఇందులో 3 గ్లూకోజ్, 9 మాన్నోజ్, 2 ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ అణువులుంటాయి. అంతర్జీవ ద్రవ్యజాలంలో ఈ గొలుసు మొత్తం ఒకేసారి ప్రొటీన్‌కు బదిలీ అవుతుంది. అటుపై గ్లూకోజ్ అణువులు ఒక్కొక్కటిగా తొలగిపోతూ ప్రొటీన్ సరిగా మడతపడిందో లేదో తెలిపే గుర్తులుగా పనిచేస్తాయి. తప్పుగా మడతపడిన ప్రొటీన్‌ను కణం నాశనం చేస్తుంది. గాల్జి సంక్లిష్టంలో గొలుసు తుదిరూపం దాలుస్తుంది. క్షీరదాలలో అది శాఖలతో కూడిన పెద్ద నిర్మాణంగా మారగా, కీటకాలలో ఎక్కువగా మాన్నోజ్‌తో కూడిన పొట్టి నిర్మాణంగా నిలిచిపోతుంది. సస్యరక్షణ దృష్ట్యా ఈ తేడా ముఖ్యమైనది.

అవయవ నిర్మాణంలో పాత్ర

ఈ రంగంలో అత్యధిక సమాచారం డ్రోసోఫిలా ఈగ నుంచి లభించింది. రెక్క అంచు ఏర్పడటానికి నాచ్ అనే గ్రాహక ప్రొటీన్ అవసరం. దానికి మొదట ఫ్యూకోజ్ అనే చక్కెర కలుస్తుంది. రెక్క పైభాగపు కణాలలో ఫ్రింజ్ అనే ఎంజైము ఆ ఫ్యూకోజ్‌కు మరొక చక్కెరను చేరుస్తుంది. ఫలితంగా పైభాగపు, కిందిభాగపు కణాలు సంకేతాలకు వేర్వేరుగా స్పందించి, వాటి సరిహద్దులో రెక్క అంచు రూపొందుతుంది. ఫ్రింజ్ లోపిస్తే ఆ అంచు సరిగా ఏర్పడదు.

ప్రొటీన్లకు మాన్నోజ్‌ను చేర్చే ఎంజైము లోపించిన డ్రోసోఫిలా ప్రౌఢ ఈగలలో ఉదరం మెలితిరిగి ఉంటుంది. అందుకే ఆ జన్యువుకు ‘రొటేటెడ్ అబ్డామెన్’ అని పేరు పెట్టారు. మనుషులలో ఇదే కోవకు చెందిన జన్యువు లోపిస్తే తీవ్రమైన కండరాల క్షీణత వ్యాధి వస్తుంది. కేంద్రకంలోని ప్రొటీన్లకు ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్‌ను చేర్చే జన్యువు పూర్తిగా లోపించిన ఈగలు దాదాపు ప్రౌఢరూపం దాల్చి కూడా కోశం నుంచి బయటికి రాలేక మరణిస్తాయి.

అవభాసినిలోని కైటిన్ నిర్మాణానికీ, ప్రొటీన్ల గ్లైకోసైలేషన్‌కూ యూడీపీ-ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ ముడిపదార్థం. దీని తయారీ దెబ్బతింటే డ్రోసోఫిలా పిండంలో అవభాసినితో పాటు వాయునాళాలు కూడా సరిగా ఏర్పడవు.

పైరు చీడలలో పరిశోధనలు

బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నిల్వ పిండిని ఆశించే ట్రైబోలియం ఎర్ర పెంకు పురుగుపైనా, వరి సుడిదోమపైనా ఈ కోణంలో అధ్యయనాలు చేశారు. పెంకు పురుగులో ఎన్-గ్లైకోసైలేషన్ తొలి మెట్లకు చెందిన జన్యువులను ఆర్ఎన్ఏ జోక్యం ద్వారా అణచినప్పుడు రూపవిక్రియ కుంటుపడింది. సుడిదోమలో ఆడ, మగ కీటకాల ప్రొటీన్లపై చక్కెర గొలుసుల అమరికలో తేడాలు కనిపించాయి.

తెలుగు నేలపై ఈ అంశానికి మరో పార్శ్వం ఉంది. మాన్నోజ్‌ను గుర్తించి అంటుకునే లెక్టిన్ ప్రొటీన్లు కొన్ని మొక్కలలో సహజంగా ఉంటాయి. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్నోడ్రాప్ మొక్క లెక్టిన్ జన్యువును చైతన్య, ఫల్గుణ వరి రకాలలో ప్రవేశపెట్టారు. అటువంటి వరిని ఆశించిన సుడిదోమలో మనుగడ, సంతానోత్పత్తి తగ్గి, ఎదుగుదల ఆలస్యమైంది. వెల్లుల్లి ఆకు లెక్టిన్‌తోనూ రసం పీల్చే పురుగులకు తట్టుకునే వరిని రూపొందించారు. ఈ లెక్టిన్లు కీటకం పేగులోని చక్కెర కలిసిన ప్రొటీన్లకు అంటుకుంటాయి. అయితే ఈ జన్యుమార్పిడి వరి మన దేశంలో వాణిజ్య సాగులోకి రాలేదు.

జాగ్రత్త అవసరమైన చోటు

ఎన్-గ్లైకోసైలేషన్ తొలి మెట్లు ఈస్టు నుంచి మనిషి వరకు దాదాపు ఒకే తీరులో జరుగుతాయి. ఈ మెట్టును నిరోధించే ట్యూనికామైసిన్ ప్రయోగశాలలో ఉపయోగపడుతుందే గాని పొలంలో చల్లదగినది కాదు. తేనెటీగలకూ, సుడిదోమను తినే సాలీళ్లకూ, మిరిడ్ నల్లులకూ హాని కలగకుండా చీడను మాత్రమే దెబ్బతీయగలగాలి. ఆర్ఎన్ఏ జోక్యంలో జన్యుక్రమాన్ని బట్టి లక్ష్యాన్ని ఎంచుకునే వీలుంది కనుక ఈ దిశలో ఆశలున్నాయి. అయినా మిత్రపురుగుల జన్యుక్రమంతో పోల్చి చూడటం, వాటిపై నేరుగా పరీక్షించడం తప్పనిసరి.

ముగింపు

కైటిన్ తయారీని అడ్డుకునే బుప్రోఫెజిన్ వంటి మందులు సుడిదోమ శాబకాలు కుబుసం విడవకుండా చేస్తాయి. ఎదుగుదలలోని ఒక కీలక మెట్టును గుర్తిస్తే అది సస్యరక్షణకు సాధనమవుతుందనడానికి ఇదే నిదర్శనం. గ్లైకోసైలేషన్‌లోనూ అటువంటి మెట్లు ఉన్నాయి. వాటిలో చీడకు ప్రాణాధారమై, మిత్రపురుగులకు భిన్నంగా ఉన్న దానిని గుర్తించడమే పరిశోధకుల ముందున్న పని.